సెకండ్‌హ్యాండ్ లెన్స్ పాడైందా? రిపేరు చేయించాలా, ఇంకోటి కొనాలా తేల్చుకోవడం ఎలా

లెన్స్ కింద పడగానే అందరం చేసే పని ఒకటే, గబుక్కున చేతిలోకి తీసుకుని జూమ్ రింగు అటూ ఇటూ తిప్పి చూడటం. దయచేసి ఆ ఒక్క పని చెయ్యకండి. లోపల ఏదైనా ముక్క విరిగి ఇరుక్కుని ఉంటే ఆ తిప్పుడుకి పక్కనున్న ఫ్లెక్స్ కేబుల్ (కరెంటు తీసుకెళ్ళే రిబ్బన్ లాంటి తీగ) కూడా తెగుతుంది, ఇసుకలో పడిందైతే ఆ రేణువులు మరల్లోకి పోయి మెటల్‌ని గీకేస్తాయి, నీళ్ళలో పడిందైతే కెమెరాకి పెట్టి ఆన్ చేసిన మరుక్షణం షార్ట్ అయి బోర్డు పోతుంది. ముందు కెమెరా బాడీ నుంచి తీసి, రెండువైపులా క్యాప్‌లు పెట్టి, టేబుల్ మీద పెట్టి ఓ పది నిమిషాలు ఊరుకోండి. బాధ తగ్గాక చూద్దాం.

ఎందుకంటే బాధలో ఉన్నప్పుడు మనం పైన కనిపించేదాన్ని బట్టి లెక్కేస్తాం. నేను చాలా పాత లెన్స్‌లు కొన్నాను, కొన్ని విప్పాను, కొన్ని పాడుచేశాను కూడా, వాటన్నిట్లో గమనించింది ఏంటంటే లెన్స్ చూడ్డానికి ఎంత ఘోరంగా ఉందన్నదానికీ రిపేరుకి ఎంతవుతుందన్నదానికీ అసలు సంబంధమే ఉండదు. మౌంట్, అంటే లెన్స్‌ని కెమెరాకి బిగించే రింగు, సగానికి విరిగి వేలాడుతున్న లెన్స్ నాలుగు స్క్రూలతో బాగైపోవచ్చు, ఒక్క గీత కూడా లేకుండా మెరిసిపోతున్న లెన్స్ లోపల ఒక గ్లాసు సన్నగా పక్కకి జరిగి ఇక ఎప్పటికీ కోలుకోకపోవచ్చు, పైన పటారం లోన లొటారం అన్నట్టు. కాబట్టి ఎంత పాడైందని కాదు, ఏ భాగం పాడైంది, ఆ భాగం ఇంకా దొరుకుతుందా, పెట్టాక సరిగ్గా కూర్చోబెట్టగలిగేవాళ్ళు ఉన్నారా, ఈ మూడే అడగాలి.

అసలు పాడైందా లేదా

నవ్వకండి, పాడైందని రిపేరుకి వెళ్ళే వాటిల్లో కొన్నిటికి అసలు ఏమీ అయ్యుండదు. ముందు ఆ లెన్స్‌ని ఇంకో బాడీ మీద పెట్టి చూడండి, మీ బాడీ మీద ఇంకో లెన్స్ పెట్టి చూడండి, రెండూ చెయ్యాలి, ఒకటి చేస్తే సగమే తెలుస్తుంది. తర్వాత మౌంట్ దగ్గర ఉండే బంగారు రంగు కాంటాక్టులు, గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసి తుడవండి, లెన్స్ వైపూ బాడీ వైపూ. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు. పక్కనున్న ఏఎఫ్-ఎంఎఫ్ (ఆటోఫోకస్-మాన్యువల్ ఫోకస్) స్విచ్ చూడండి, బ్యాగులో రాసుకుని ఎంఎఫ్‌లోకి జరిగిపోయి ఉంటుంది, ఈ విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నాకే రెండుసార్లు అయింది.

ఇక సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి వచ్చే ఇంకో తలనొప్పి, కంపాటిబిలిటీ. నికాన్ ఏఎఫ్-డి లెన్స్‌లలో మోటారు ఉండదు, బాడీలో ఉండే మోటారు ఒక చిన్న స్క్రూ లాంటిదాన్ని తిప్పి ఫోకస్ చేస్తుంది. 2006లో వచ్చిన డి40 నుంచి నికాన్ చిన్న బాడీల్లో ఆ మోటారే తీసేశారు, డి3000, డి5000 సిరీస్‌లలోనూ లేదు, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం) కెమెరాలకి పాత లెన్స్‌లు పెట్టుకునే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. వాటి మీద ఏఎఫ్-డి లెన్స్ పెట్టి ఆటోఫోకస్ పోయిందని రిపేరుకిస్తే పాపం వాళ్ళేం చేస్తారు. దీనికి ఉల్టా ఏఎఫ్-పి లెన్స్‌లు, కొత్తవి, పాత బాడీల మీద ఫోకస్ చెయ్యవు. అలాగే సిగ్మా వాళ్ళ బాగా పాత కెనాన్ మౌంట్ లెన్స్‌లు కొత్త ఈఓఎస్ డిజిటల్ బాడీల మీద ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచినప్పుడు బానే పనిచేసి, ఒక స్టాప్, అంటే ఒక మెట్టు, తగ్గించగానే ఎర్రర్ ఇస్తాయి. లెన్స్ విరగలేదు, లోపలి చిప్‌కి కొత్త బాడీ మాట్లాడే భాష రాదు, అంతే.

చప్పుడు కూడా మోసం చేస్తుంది. లెన్స్ ఊపితే లోపల గ్లాసు గడగడలాడుతుందని భయపడేవాళ్ళు చాలామంది. లీనియర్ మోటారుతో ఫోకస్ అయ్యే లెన్స్‌లలో కరెంటు లేనప్పుడు ఫోకస్ గ్రూపు (ఫోకస్ కోసం కలిసి కదిలే గ్లాసులు) స్వేచ్ఛగా జారుతూ ఉంటుంది, ఫుజీఫిల్మ్ 90 ఎంఎం ఎఫ్/2 దీనికి బాగా పేరుమోసింది, కెమెరా ఆపేసి ఊపితే విరిగిపోయిందేమో అన్నంత చప్పుడు చేస్తుంది, ఆన్ చేస్తే నిశ్శబ్దం. స్టెబిలైజర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉన్న కొన్ని లెన్స్‌లు కూడా అంతే. ఫోకస్ రింగు తిప్పితే ఏమీ కదలట్లేదంటారా, అది ఫోకస్-బై-వైర్ అయ్యుండొచ్చు, కెమెరా ఆన్‌లో లేకపోతే రింగు ఉత్తినే తిరుగుతుంది, కెనాన్ ఎస్‌టీఎం (స్టెప్పర్ మోటారు) లెన్స్‌లన్నీ, 85 ఎంఎం ఎఫ్/1.2 ఎల్ కూడా ఆ బాపతే.

ఇంకోటి చెప్పి ముందుకెళ్తా. సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లాంటి 1960ల నాటి కొన్ని లెన్స్‌లలో థోరియం కలిపిన గ్లాసు వాడారు, అది ఏళ్ళు గడిచేకొద్దీ టీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. చూసి పాడైందనుకుని పడేసేవాళ్ళున్నారు. అల్ట్రావయొలెట్ ఎల్ఈడీ లైటు కింద కొన్ని రోజులు పెడితే ఆ పసుపు చాలావరకు పోతుంది. ఎండలో పెట్టినా అవుతుంది కానీ అడుగున అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెట్టాలి, లేకపోతే లెన్స్ భూతద్దమై కింద ఉన్నదాన్ని కాల్చేస్తుంది.

ఏది పోతే ఏంటి

ఇప్పుడు నిజంగానే పోయింది అనుకుందాం. భాగాల వారీగా చూద్దాం, సులువైనవి ముందు.

మౌంట్ విరగడం. కిట్ లెన్స్‌లలో (కెమెరాతోపాటు వచ్చే చవక లెన్స్‌లు) చాలావాటికి మౌంట్ ప్లాస్టిక్ది, కెమెరా పడితే ముందు విరిగేది అదే, ఒకరకంగా అది విరిగి మిగతాదాన్ని కాపాడుతుంది. విడిగా దొరుకుతుంది, మూడు నాలుగు స్క్రూలు, కాంటాక్టుల బ్లాకుకి రెండు చిన్న స్క్రూలు, పని అంతే. కాకపోతే కిట్ లెన్స్ ధరే తక్కువ కాబట్టి మీరే పెట్టుకుంటే గిట్టుతుంది, ఇంకొకళ్ళకి కూలి ఇచ్చి చేయిస్తే గిట్టదు. 1990లో వచ్చిన కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 రెండో వెర్షన్ పడితే నడుం దగ్గర రెండు ముక్కలవడం ఫోటోలు తీసేవాళ్ళలో పాత జోకు, దానికి రిపేరు ఆలోచన కూడా వద్దు, 2015లో వచ్చిన ఎస్‌టీఎం వెర్షన్ మెటల్ మౌంట్‌తో ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో అది వెతుక్కోండి.

ఫిల్టర్ రింగు, అంటే లెన్స్ ముందు ఫిల్టర్ బిగించే అంచు, నొక్కుకుపోవడం చూడ్డానికి గుండె ఆగినంత పని, నిజానికి అన్నిట్లోకీ చిన్న జబ్బు. లెన్స్ వైస్ అని ఒక పనిముట్టు ఉంటుంది, లోపల్నుంచి నెమ్మదిగా తోసి గుండ్రం చేస్తుంది. ఫిల్టర్ ఇరుక్కుపోయి గ్లాసు పగిలిందా, ఆ పగిలింది ఫిల్టర్ గ్లాసా లెన్స్ గ్లాసా అని ముందు లైటు వేసి చూడండి, ఎక్కువసార్లు ఫిల్టరే.

ముందు గ్లాసు మీద గీతలు, లోపల దుమ్ము, వీటికి డబ్బు ఖర్చు పెట్టకండి. లోపల నాలుగు దుమ్ము కణాలు ఫోటోలో రావు. ముందు గ్లాసు మీద సన్నగీత కూడా రాదు, లైటుకి ఎదురుగా తీసినప్పుడు కాస్త తెల్లదనం రావచ్చు. వెనక గ్లాసు మీద గీత మాత్రం వేరే కథ, అది సెన్సార్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి చిన్నదైనా తేడా చూపిస్తుంది. చాలామంది ముందు గ్లాసుని పదిసార్లు చూసి వెనకది చూడకుండా కొనేస్తారు.

ఎపర్చర్ ఎర్రర్. కెనాన్ 17-85, 24-105 ఎఫ్/4 ఎల్ మొదటి వెర్షన్ వాడినవాళ్ళని అడగండి, ఎర్రర్ 01 అంటే ఉలిక్కిపడతారు. లోపల ఎపర్చర్‌కి వెళ్ళే పల్చటి ఫ్లెక్స్ కేబుల్ జూమ్ చేసిన ప్రతిసారీ వంగుతుంది, ఏళ్ళ తరబడి వంగి వంగి ఒకరోజు లోపలి రాగి గీత తెగుతుంది. గుర్తుపట్టడం తేలిక, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే ఫోటో వస్తుంది, ఎఫ్/8 పెట్టి (రంధ్రం చిన్నది చేసి) తీస్తే ఎర్రర్, ఒక్కోసారి జూమ్ ఒక పొజిషన్‌లో పనిచేసి ఇంకో పొజిషన్‌లో పనిచెయ్యదు. కేబుల్ ముక్క చవకే, కానీ దాన్ని మార్చాలంటే లెన్స్ దాదాపు సగం విప్పాలి, అంటే మీరు కట్టేది కూలి. 24-105 లాంటి దానికి గిట్టుబాటు అవుతుంది, 17-85కి నా ఉద్దేశంలో అవ్వదు.

ఎపర్చర్ బ్లేడ్ల మీద నూనె. ఫోకస్ మరల్లో పెట్టిన గ్రీజు పాతబడి, వేడికి అందులోంచి నూనె విడిపోయి బ్లేడ్ల మీదకి పాకుతుంది. ఇక్కడ ఏ రకం లెన్స్ అన్నది చూడాలి. ఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఆటోమేటిక్ ఎపర్చర్ లెన్స్‌లో బ్లేడ్లు షటర్ తెరుచుకునేలోపు టప్‌మని మూసుకోవాలి, నూనె ఉంటే నీరసంగా మూసుకుంటాయి, ఎఫ్/8లో తీసిన ఫోటో తెల్లగా వెలిసిపోయినట్టు వస్తుంది. అదే హీలియోస్ 44-2 లాంటి ప్రీసెట్ లెన్స్‌లో ఎపర్చర్‌ని మీరే చేత్తో తిప్పి మూస్తారు, తొందరేముంది, బ్లేడ్లు నూనెలో మునిగినా ఫోటోకి ఏమీ అవ్వదు. ఒకే జబ్బు, ఒకదానికి రిపేరు కావాలి, ఇంకోదానికి అక్కర్లేదు. మరోమాట, బయట్నుంచి పెట్రోల్ లాంటి సాల్వెంట్ చుక్కలు వేసి కడిగేద్దామనుకోకండి, ఆ నూనె కరిగి గ్లాసు మీదకి పాకి ఎండిపోతుంది, అప్పుడు రెండు జబ్బులవుతాయి.

ఆటోఫోకస్ మోటారు. కీచుమంటోంది అంటే పోయేముందు చెప్పే మాట, నికాన్ పాత ఏఎఫ్-ఎస్ జూమ్‌లలో కొన్నిటికి ఇది మామూలే, కీచుమని కూడా ఏడాది రెండేళ్ళు నడిచినవి ఉన్నాయి. రింగు మోటారు మార్చడం పెద్ద ఖర్చు. చిన్న మోటారు, ప్లాస్టిక్ పళ్ళచక్రాల రకమైతే పని తక్కువ కానీ ఆ లెన్స్‌ల ధర కూడా తక్కువ. కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.4, 1993 నాటిది, దీని సంగతి విడిగా చెప్పాలి, ముందు గొట్టం బయటకి వచ్చి ఉన్నప్పుడు చిన్న దెబ్బ తగిలినా లోపలి ట్యూబు వంగి ఫోకస్ బిగుసుకుపోతుంది, మోటారు పోయిందనుకుంటారు కానీ మోటారు బానే ఉంటుంది. ఇది తెలిసిన రిపేరరైతే మోటారు మార్చకుండానే సరిచేస్తాడు, తెలియనివాడైతే మోటారు ఎస్టిమేట్ ఇస్తాడు.

కనిపించని దెబ్బ

అసలు భయపడాల్సింది దీనికి. డీసెంటరింగ్ అంటారు, లోపల ఏదో ఒక గ్లాసు వెంట్రుకవాసి పక్కకి జరగడమో వాలడమో. బయట ఏమీ తెలీదు, ఫోకస్ అవుతుంది, ఎర్రర్ రాదు, కానీ ఫోటోలో ఒక పక్క స్పష్టంగా ఇంకో పక్క మసగ్గా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో "కండిషన్ కొత్తదానిలా ఉంది" అని వచ్చే లెన్స్‌లలో కొన్నిటిని వాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో ఇక్కడ తెలుస్తుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. దూరంగా, ఫ్రేమ్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వివరాలున్న దృశ్యం చూడండి, చెట్ల వరుసో బిల్డింగుల వరుసో, వంద మీటర్ల పైన దూరంలో. ట్రైపాడ్, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, మధ్యలో మాన్యువల్ ఫోకస్ చేసి ఒకటి తీయండి. తర్వాత కెమెరాని తలకిందులు చేసి అదే దృశ్యం ఇంకోటి తీయండి. రెండిట్లోనూ ఫ్రేమ్‌లో ఒకే వైపు, అంటే సెన్సార్‌కి ఒకే వైపు, మసగ్గా ఉంటే జబ్బు లెన్స్‌దో మౌంట్‌దో. మసక దృశ్యంతోపాటు మారితే లెన్స్‌ది తప్పు కాదు, ఆ వైపు ఉన్నవి దూరమో దగ్గరో అయ్యుంటాయి. గోడకి ఎదురుగా నిలబడి తీసే పరీక్ష నాకు నచ్చదు, కెమెరా గోడకి సమాంతరంగా లేకపోయినా అదే ఫలితం వస్తుంది, అనవసరంగా మంచి లెన్స్‌ని అనుమానిస్తాం. జూమ్ అయితే మూడు నాలుగు ఫోకల్ లెంత్‌లలో చెయ్యండి. అన్నిట్లోనూ ఒకే పక్క మసకైతే మౌంట్ వంగి ఉండొచ్చు, అది నయమే. ఒకచోట ఎడమ, ఇంకోచోట కుడి అయితే లోపలి గ్రూపు జరిగింది. అలా అని 400 శాతం జూమ్ చేసి వెతికితే ఏ జూమ్ లెన్సూ పాస్ అవ్వదు, కొద్దిపాటి తేడా అన్నిట్లోనూ ఉంటుంది.

ఇది సరిచెయ్యాలంటే లెన్స్ విప్పడం వస్తే చాలదు, ఆప్టికల్ బెంచ్, కొలిమేటర్ లాంటి, గ్లాసులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూపే పరికరం మీద పెట్టి చూస్తూ అడ్జస్ట్ చెయ్యాలి, పైగా కొన్ని లెన్స్‌లలో అడ్జస్ట్ చేసే ఏర్పాటే ఉండదు, ఆ గ్రూపు మొత్తం మార్చాల్సిందే. కాబట్టి ఖరీదైన టెలీ లెన్స్ అయితే తప్ప డీసెంటర్ అయినదాన్ని బాగుచేయించమని నేను ఎవరికీ చెప్పను. చేయిస్తే కూడా ఆ పరికరం ఉన్నవాళ్ళ దగ్గరే.

ఫంగస్, మసక, నీళ్ళు

టార్చి వెనకనుంచి కాస్త ఏటవాలుగా వేసి ముందునుంచి చూడండి. సాలెగూడులా, కొమ్మల్లా పాకినట్టు ఉంటే ఫంగస్. పలచటి పొగమంచులా అంతటా పరుచుకుని ఉంటే హేజ్, గ్రీజు ఆవిరి గ్లాసు మీద పేరుకోవడం. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులో మెరుపు కనిపిస్తే అతికించిన రెండు గ్లాసుల మధ్య జిగురు విడిపోతోందని.

హేజ్‌ది ఒక్క ప్రశ్నే, ఆ పొగ చేరిన గ్లాసు దాకా సులువుగా వెళ్ళగలమా. వెళ్ళగలిగితే తుడిస్తే పోతుంది, ఒక్కోసారి కోటింగు (గ్లాసు మీది సన్నటి పూత) కూడా తిని ఉంటే పోదు. జిగురు విడిపోతే వదిలెయ్యండి. గ్లాసులు విడగొట్టి, పాత జిగురు తీసి, మళ్ళీ మధ్యకి సరిగ్గా కూర్చోబెట్టి అతికించాలి, అది అరుదైన లెన్స్‌లకి మాత్రమే చేసే పని. కొద్దిగా అంచులోనే ఉంటే ఫోటోల్లో తెలీదు, వాడుకోండి.

ఫంగస్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే దీన్ని చూసి మనవాళ్ళు భయపడేంతగా దేనికీ భయపడరు. అది గ్లాసు మీద పెరుగుతూ ఆమ్లం లాంటిది వదులుతుంది, అది కోటింగుని, ఆ తర్వాత గ్లాసుని తింటుంది. కొత్తగా పట్టిందైతే తుడిస్తే జాడ కూడా మిగలదు, ఏళ్ళనాటిదైతే తుడిచాక కూడా కొమ్మల ఆకారం కోటింగులో అచ్చుపడి ఉంటుంది. ముందు గ్లాసు వెనకవైపో, చిట్టచివరి గ్లాసు లోపలివైపో ఉంటే రిపేరర్‌కి అది చిన్న పని, చేయించండి. మధ్య గ్రూపులో ఉంటే పూర్తిగా విప్పాలి, మళ్ళీ కూర్చోబెట్టాలి. అతికించిన రెండు గ్లాసుల మధ్యలోకి పోయిందా, అయిపోయింది. మిగతా లెన్స్‌లకి అంటుకుంటుందా అని అడుగుతారు, బీజాలు గాలిలో ఎలాగూ ఉంటాయి, వాటిని పెంచేది తేమ. 60 శాతం దాటిన తేమలో, చీకట్లో, మూసిన తోలు సంచిలో పెట్టిన లెన్స్‌కి పట్టక ఏమవుతుంది. 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్, లేదంటే గాలి చొరబడని డబ్బా, రంగు మారే సిలికా జెల్, చిన్న తేమ మీటరు, ఇవి ముందే ఉండాలి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అయినా ఫంగస్ ఉన్నదాన్ని వేరే డబ్బాలో పెట్టండి, పోయేదేముంది.

నీళ్ళ గురించి క్లుప్తంగా. మంచినీళ్ళలో కాసేపు తడిస్తే, ఆన్ చెయ్యకుండా ఉంటే, ఆశ ఉంది. ఉప్పునీళ్ళు లోపలికి పోతే ఆశ లేదు, ఈరోజు పనిచేసినా లోపల కాంటాక్టులూ స్క్రూలూ తుప్పు పడుతూనే ఉంటాయి, రిపేరు చేయించినా ఇంకో నెలకి ఇంకోటి పోతుంది.

పార్టు దొరుకుతుందా

మనం అనుకునేదానికి ఇక్కడ వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. 1970ల నాటి మాన్యువల్ లెన్స్, ఉదాహరణకి 1977 నుంచి వచ్చిన నికాన్ ఏఐ లెన్స్‌లు, మొత్తం మెటల్, గ్లాసు, గ్రీజు. ఎలక్ట్రానిక్స్ లేవు. చెయ్యి తిరిగిన ఎవరైనా విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టగలరు, కంపెనీ పార్టులతో పని లేదు. 2000ల నాటి ఆటోఫోకస్ లెన్స్ వయసులో చిన్నదే కానీ అందులో మోటారు, సర్క్యూట్ బోర్డు, కేబుళ్ళు, సెన్సార్లు ఉంటాయి, కంపెనీ ఆ మోడల్ ఆపేసి కొన్నేళ్ళయ్యాక పార్టులు నిల్వ ఉంచడం మానేస్తుంది. కెనాన్ ఈఎఫ్ మౌంట్ మొదలైంది 1987లో, మొదట్లో వచ్చిన లెన్స్‌లలో చాలావాటికి ఇప్పుడు కంపెనీ సర్వీసు లేదు. ఇక కంపెనీయే ఆ వ్యాపారం వదిలేస్తే, 2006లో కోనికా మినోల్టా వదిలేసినట్టు, లేదా సామ్‌సంగ్ ఎన్ఎక్స్ కెమెరాల్ని వదిలేసినట్టు, అప్పుడు పార్టు అంటే ఇంకో పాడైన లెన్సే.

అదీ దారే, దానం చేసే లెన్స్. ఒకదానికి మోటారు పోయింది, ఇంకోదానికి గ్లాసు పగిలింది, రెండూ కలిపి ఒకటి చెయ్యొచ్చు. కాకపోతే పేరు ఒకటే అయినా వెర్షన్లు వేరుంటాయి, సీరియల్ నంబరు, చివరన ఉండే రోమన్ అంకె కూడా సరిచూసుకుని కొనండి.

లెక్క

కొన్నప్పుడు ఎంత పెట్టామన్నది మర్చిపోండి, ఆ డబ్బు పోయింది. చాలామంది సగం సూత్రం చెప్తారు, రిపేరు ఖర్చు లెన్స్ ధరలో సగం దాటితే వద్దు అని. తప్పేం కాదు కానీ మొరటు లెక్క. ఇలా వెయ్యండి. అదే లెన్స్ మంచి కండిషన్‌లో సెకండ్‌హ్యాండ్ ధర 100 అనుకుందాం, కొత్తదాని ధర కాదు, అమ్మేవాళ్ళు అడిగే రేటు కూడా కాదు, నిజంగా అమ్ముడుపోయిన రేటు. మీ పాడైనదాన్ని పార్టుల కోసం అమ్మితే 20 వస్తుందనుకుందాం. అంటే మార్చుకోవడానికి మీకయ్యేది 80. ఇప్పుడు రిపేరు ఎస్టిమేట్ 45, పంపడానికి తెప్పించుకోవడానికి 5, ఇన్‌స్పెక్షన్ ఫీజు 5, మొత్తం 55. చేయించండి. అదే ఎస్టిమేట్ 65 అయితే మొత్తం 75, కాగితం మీద రిపేరే చవక, కానీ నేను చేయించను. ఎందుకంటే రిపేరు వారంటీ సాధారణంగా మార్చిన భాగానికే, అదే వయసున్న మిగతా భాగాలకి కాదు, మోటారు మార్చిన మూడు నెలలకి కేబుల్ పోతే మళ్ళీ మొదటికొస్తారు.

దీనికి రెండోవైపు కూడా ఉంది, మీ లెన్స్ చరిత్ర మీకు తెలుసు. ఎక్కడ పడిందో, ఎలా దాచారో తెలుసు. కొత్తగా కొనే సెకండ్‌హ్యాండ్‌ది ఎవరు ఎలా వాడారో తెలీదు, దానికీ ఒక డీసెంటరింగ్ ఉండొచ్చు. మీది చాలా షార్ప్‌గా వచ్చిన మంచి పీస్ అయితే నేను ఇంకో 10 ఎక్కువైనా పెడతాను. రిటర్న్ చేసుకునే గడువు ఉన్న చోట కొంటుంటే ఆ 10 పెట్టను.

ఇంకో సంగతి, 2018లో కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్ అనే మిర్రర్‌లెస్ మౌంట్‌లు వచ్చాక డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ల సెకండ్‌హ్యాండ్ ధరలు కిందికే వెళ్తున్నాయి. అంటే ఈరోజు 100 ఉన్నది రెండేళ్ళకి 100 ఉండదు. అమ్మడానికి రిపేరు చేయించడం దాదాపు ఎప్పుడూ నష్టమే, అలాగే పాడైందని నిజం చెప్పి అమ్మెయ్యండి. వాడుకోడానికైతే వేరే మాట, ఆ పడిపోయే ధరే కొనుక్కునేటప్పుడు మనకి లాభం కూడా.

ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు ఇవి అడగండి: ఏ భాగం మారుస్తారు, కొత్తదా ఇంకో లెన్స్‌లోంచి తీసిందా, పెట్టాక బెంచ్ మీద చెక్ చేస్తారా లేక ఫోటో తీసి చూసి ఇచ్చేస్తారా, ఎస్టిమేట్ వద్దంటే ఎంత కట్టాలి, విప్పాక బాగవ్వకపోతే తిరిగి బిగించి ఇస్తారా ముక్కలుగా ఇస్తారా. ఆఖరిది తప్పక అడగండి. నాకు ఒకసారి ఒక లెన్స్ ప్లాస్టిక్ కవర్లో ముక్కలుగా తిరిగొచ్చింది, పార్టుల కింద అమ్ముదామన్నా కొనేవాడు లేడు.

మీరే విప్పుతానంటే

విప్పండి, ఎలాగూ పోయిందనుకున్నదైతేనే. స్క్రూడ్రైవర్ దగ్గరే చాలామంది ఓడిపోతారు. జపాన్ లెన్స్‌లలో ఉండేవి చూడ్డానికి ఫిలిప్స్ స్క్రూల్లా ఉంటాయి కానీ అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం, ఫిలిప్స్ పెట్టి గట్టిగా తిప్పితే తల అరిగిపోతుంది, ఇక బయటికి రాదు. జేఐఎస్ డ్రైవర్లు విడిగా దొరుకుతాయి, అవి లేకుండా మొదలుపెట్టకండి. ప్రతి స్క్రూ తీసేముందు ఒక ఫోటో, స్క్రూలు తీసిన వరుసలో టేపు మీద అంటించడం, ఫోకస్ హెలికాయిడ్ (గ్లాసుని ముందుకీ వెనక్కీ జరిపే మరల గొట్టం) విడిపోయే చోట సన్నటి గీత పెట్టుకోవడం, ఆ గీత లేకపోతే ఆ మరలు పది చోట్ల ఎక్కుతాయి, అందులో ఒక్కటే కరెక్టు.

మౌంట్ తియ్యగానే కింద కాగితంలా పల్చటి మెటల్ రింగులో ముక్కలో కనిపించొచ్చు, షిమ్‌లు. పనికిమాలినవని అనుకోకండి. సెన్సార్‌కీ లెన్స్ మౌంట్‌కీ మధ్య దూరం, కెనాన్ ఈఎఫ్‌లో 44 ఎంఎం, నికాన్ ఎఫ్‌లో 46.5 ఎంఎం, దాన్ని సరిగ్గా నిలబెట్టేవి అవే. లెక్క చూడండి, మొత్తం గ్లాసు ముందుకీ వెనక్కీ కదిలే మామూలు 50 ఎంఎం లెన్స్ ఒక్క 0.1 ఎంఎం ముందుకి జరిగి కూర్చుంటే దానికి ఇన్ఫినిటీ పోతుంది, దాదాపు 25 మీటర్లకి అవతల ఏదీ ఫోకస్ అవ్వదు. ఒకవైపే జరిగితే ఫోటో ఒక పక్క మసక. నేను ఒక టెలీ జూమ్ "ఏఎఫ్ ఒక్కటే పనిచెయ్యదు" అంటే కొని, ఉత్సాహంగా విప్పి, మూడు షిమ్ ముక్కల్లో రెండు ఒకే స్క్రూ కింద పెట్టి బిగించాను. ఏఎఫ్ బాగైంది. ఎడమ పక్క మాత్రం ఎప్పుడూ మసక, అది నా పనే అని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

మూడో దారి

రిపేరూ వద్దు, కొత్తదీ వద్దు, అలాగే వాడుకోవడం. ఎపర్చర్ కేబుల్ తెగిన లెన్స్ పూర్తిగా తెరిచి పోర్ట్రెయిట్లకి బానే పనికొస్తుంది, బాడీలో ఎపర్చర్ మార్చకుండా ఉంటే చాలు. ఏఎఫ్ పోయినా రింగు నేరుగా గ్లాసుని తిప్పే లెన్స్ అయితే మిర్రర్‌లెస్ మీద ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని తెర మీద రంగుతో చూపే ఏర్పాటు) పెట్టుకుని హాయిగా వాడొచ్చు. స్టెబిలైజర్ వణుకుతుంటే స్విచ్ ఆపేసి చూడండి, ఆపినప్పుడు ఫోటో స్థిరంగా, షార్ప్‌గా వస్తుంటే దాన్ని మర్చిపోండి. ఆపినా ఫోటో ఒక పక్కకి వాలుతుంటే ఆ గ్రూపు మధ్యలో నిలబడట్లేదని అర్థం, అప్పుడు వదిలెయ్యండి. డీసెంటర్ అయింది కూడా ఎఫ్/8, ఎఫ్/11కి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది, ఎండలో తీసేవాళ్ళకి అసలు తెలీకపోవచ్చు కూడా.

చివరికి వదిలేస్తే, ఊరికే పడెయ్యకండి. హుడ్, క్యాప్‌లు, ట్రైపాడ్ కాలర్ విడివిడిగా అమ్మితే ఒక్కోసారి లెన్స్ కంటే ఎక్కువ వస్తాయి, పార్టుల కోసం అమ్మేటప్పుడు ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో రాయండి, కొనేవాడికి కావాల్సింది మీ లెన్స్‌లో బాగున్న భాగమే. నా టెలీ జూమ్ అలాగే ముక్కలైంది. దాని మౌంట్ స్క్రూలు మూడు ఇప్పుడు ఇంకో లెన్స్‌లో ఉన్నాయి, నాలుగోది టేబుల్ మీంచి దొర్లి ఎక్కడికి పోయిందో, ఊడ్చినప్పుడల్లా వెతుకుతూనే ఉన్నా.